రాజమహేంద్రవరములో ఒక దొరసాని కాపురము

మన గోదావరి మండలమును గూర్చి పరదేశీయులు వ్రాసిన గ్రంథములకు కొదువ లేదు. కలెక్టర్లు శిస్తును గూర్చి వ్రాసిరి. ఇంజనీర్లు నీటిని గూర్చి వ్రాసిరి. మతబోధకులు తాము కలిపికొన్నవారిని గూర్చియు కలిపికొనలేని వారిని గూర్చియు వ్రాసిరి. పొయ్యి యెవరు రాజవేసిరి, బిడ్డ నెవరు లాలించిరి, ఎండను ఎట్లు తప్పించుకొనిరి అను సంగతులు వానిలో వెదకినను దొరకవు. అవి దొరకు పుస్తకమొకటి మేమీ నడుమ చదివితిమి. 1843వ సంవత్సరమున లండనులో జాన్ మర్రే యను ప్రకాశకుడు అచ్చువేసిన ‘లెటర్స్ ఫ్రం మద్రాస్’ అను జాబుల సంపుటము అది. ముఖపత్రమున రచయిత్రి పేరు లేదు. ‘ఒక దొరసాని’ అని మాత్రమే యున్నది.

ఆ దొరసాని పేరు జూలియా. ఈమె 1808లో పుట్టినది. ఆంగ్ల నవలారచనలో ప్రసిద్ధురాలైన ఫానీ బర్నీ ఈమె తల్లికి పెద్దతల్లి. ఆ నవలాకర్త్రి దినచర్యలను పరిష్కరించి 1842 మొదలు ప్రకటించినది ఈమె తల్లియే. జాబు వ్రాయుట యన్నది ఈ కుటుంబములో పసుపుకుంకుమలతో పాటు కూతునకిచ్చి పంపు విద్య యనవచ్చును. 1836లో జూలియా, చెన్నపట్టణపు కొలువులోనున్న జేమ్స్ థామస్ అను నతనిని వివాహమాడి ఆ యేడే ఓడయెక్కెను. 1837లో భర్తకు రాజమహేంద్రవరమున జడ్జి పదవి రాగా అక్కడ సుమారు రెండేండ్లు కాపురము చేసెను. ధవళేశ్వరపు ఆనకట్టకు 1847లో గాని పునాది పడలేదు. కావున ఈమె చూచిన గోదావరి వర్షకాలమున ఒడ్డులు మీరి పొరలి, వేసవిలో ఇసుకదిబ్బల నడుమ సన్నగిల్లు పాత గోదావరి.

మొదట ఈమెకు న్యాయముగా రావలసిన మెప్పు ఈయవలయును. ఆ కాలపు చెన్నపట్టణపు దొరసానులు ఈ దేశమును గూర్చి తమకేమియు తెలియదనియు, తెలియకుండుటయే మేలనియు చెప్పుకొని సంతసించుచుండిరట. అట్టి మాట నొకతె నోట విని జూలియా దానిని దాపరికము లేక తల్లికి వ్రాసి పంపెను. తాను మాత్రము ఊరకుండలేదు. కుంపినీవారు ‘జెంటూ’ అని పిలుచుచుండిన మన తెలుగును నేర్చుకొన పూనెను. సీతాకోకచిలుకలను పురుగులను పట్టించి సేకరించెను. ఊరి బాలురకొక బడి పెట్టించెను. పుస్తకములు చదువుకొనుటకొక గది తెరపించెను. ఈమె వాక్యములు చిన్నవి, చురుకైనవి. నవ్వువచ్చిన చోట నవ్వును, విసుగువచ్చిన చోట విసుగును దాచలేదు. పుస్తకమునకు ఆయువుపట్టు ఈ దాపరికములేమియే. దోషము దొరకు చోటును ఇదియే.

ఒక జాబులో ఈమె తన ఇంటి సేవకులను లెక్కించెను. పెద్ద బట్లరొకడు, దుస్తులు చూచు కుర్రవాడొకడు, వానికి చేతిసాయపు మేటీ యొకడు, ఆయాలిద్దరు, పాలదాది యొకతె, వంటవాడొకడు, నీళ్లు మోసి ఇల్లు కడుగు స్త్రీ యొకతె, తోటవాండ్రిద్దరు, పల్లకి మోయు బోయీలారుగురు, నీళ్లవాడొకడు, గుర్రపువాండ్రిద్దరు, గడ్డికోయువారిద్దరు, కుక్కను చూచు కుర్రవాడొకడు, కోళ్లవాడొకడు, చాకలి యొకడు, దర్జీ యొకడు, వేటగాడొకడు. కట్టకడపట పాలదాదికి వంటచేయు మనిషి. వెరసి ఇరువదియేడుగురు. ఇది తక్కువ సంసారమే యని దొరల లెక్క యట.

కొత్తగా వచ్చిన కాపురపు కలవరమంతయు ఆ పట్టికలో నున్నది. ఇంగ్లండులో ఇద్దరు ముగ్గురు పనివాండ్రతో నడచు ఇల్లు ఇచట ఇరువదియేడుగురు లేక నడవదు. ఏలయన గడ్డికోయువాడు నీళ్లు తేడు, నీళ్లవాడు దీపము ముట్టడు. ఒకనిపని మరియొకడు చేయరాదను మన కట్టుబాటును ఆ దొరసాని జీతముల రూపమున చెల్లించుకొనెను. మన వారు దీనిని చదివి దొరతనపు డాబని నవ్వవచ్చును. ఆ డాబున్న మాట నిజమే. కాని ఆ ఇరువదియేడులో కొన్ని అంకెలు మన కులము వేసినవి.

కడపటి అంకెను కొంచెము నిలిచి చూడవలయును. దాది కులముగల స్త్రీ. ఆమె అన్నము ఆమె కులమువారే వండవలెను. అందులకై వేరు వంటమనిషి. అంతచేసినను అన్యులెవరైన వంటదాపునకు వచ్చిరని తోచినచో ఆమె ఆనాడు పస్తుండెడిదట. దొరసానికిది చంటిదాని చాదస్తముగా తోచినది. ఈ దాది తన ప్రాణము తోడుచున్నదని మొరపెట్టుకొన్నది. దాది పస్తున్న నాడు బిడ్డకు పాలు తగ్గును గదా! తల్లి విసుగు మాకర్థమగుచునే యున్నది.

అయినను ఈ ఘట్టమును మేము నవ్వుచు చదువలేకపోతిమి. ఇతరుల బిడ్డకు పాలిచ్చుటకు ఈ స్త్రీకి కులమడ్డము రాలేదు. తాను అన్నము తినుటకు మాత్రమడ్డము వచ్చినది. తన దేహమునుండి వెలికి పోవుదానికి లేని మైల, లోనికి వచ్చుదానికి కలిగినది. ఈ శాస్త్రమునామెకు ఎవరు నేర్పిరి? ఆ కాలమున మన ఇండ్లలో తల్లులు కూతుండ్రకు చదువు నేర్పలేదు గాని ఇది తప్పక నేర్పిరి. మరియొక ప్రశ్నయు మనస్సున మెదలును. పాలున్న స్త్రీకి ఒక బిడ్డ యుండవలెను గదా. ఆ ఇరువదియేడుగురి పట్టికలో ఆ బిడ్డ లేడు. ఆ బిడ్డ కెవరు పాలుపట్టిరో, ఏ అత్తయో అమ్మమ్మయో గంజినీళ్లతో సాకెనో ఆ పట్టిక చెప్పదు.

ఆ పట్టికలో పేర్లును లేవు. అన్నియు పనులే. ఒక జమీందారునకైతే ఈమె పిల్లలూదుకొను ఈల పేరు తగిలించి తన ఊరివారిని నవ్వించెను. దీనికి సమాధానముగా, పుస్తకములో భర్త పేరు సైతము ఒట్టి అక్షరముగానే యున్నదని కొందరనవచ్చును. నిజమే, మర్యాదకొరకు పేరు మాపుట యొకటి. పేరడుగవలెనని తోచకపోవుట మరియొకటి. రెండును అచ్చులో ఒకే తీరున కనబడును.

ఇట నిష్పక్షపాతముగా మన వైపు పుస్తకమొకటి ప్రక్కన పెట్టి చూడవలయును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, మరుసటి యేడు తిరుగు ప్రయాణములో తీరపు దారిని రాజమహేంద్రవరము మీదుగా వచ్చిరి. వారును దారిపొడవున మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లెగారికి వ్రాసి పంపుచు వచ్చిరి. ఆ వ్రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ యై అచ్చుపడినవి. జూలియా రాజమహేంద్రవరమున జాబులు వ్రాయుచున్న కాలమును అదియే! దారిబత్తెములు, నదుల రేవులు, ఊరూర దొరకు సరుకులు, రాజ్యపు నడవడి వీరాస్వామయ్యగారికి తెలిసినట్లు ఆమెకు తెలియవు. పల్లకి మోసిన బోయీల సుఖదుఃఖముల విషయమున వీరు చాల దయాళువులు. కాని మన వంటింటి స్త్రీ ఏమి తలంచుచుండెనో ఈ రెండు పుస్తకములలో దేనివలనను మనకు తెలియదు. ఆమె తానే చెప్పుకొనుటకు ఆమెకు అక్షరములు లేవు. జూలియా బడి బాలురది. మన ప్రాంతమున కందుకూరి వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టునప్పటికి 1874వ సంవత్సరము వచ్చినది. నడుమ మూడున్నర దశాబ్దములు గడచిపోయినవి.

అదే కాలమున, అదే డెల్టాలో మరియొక విధమైన పరదేశి కాపురము నరసాపురమున నడచుచుండెను. ఇంగ్లండులోని డెవన్ సీమనుండి 1836లో బౌడెన్, బీర్ అను ఇరువురు భార్యలతో వచ్చిరి. ఒకడు రాతిపనివాడు, రెండవవాడు చెప్పులు కుట్టువాడు. వారు మతబోధకై వచ్చిరి. ఆ పనిని మెచ్చుట మెచ్చకుండుట యిచట మా విషయము కాదు. వారికి జీతమిచ్చు సంఘము లేదు. కావున ఇరువదియేడుగురిని ఉంచుకొను శక్తియు లేదు. ఈ దేశములో కొరత పడక జడ్జిగారి ఇంటికి చేరని తెలుగు, అక్కరకొలది ఈ పేదల ఇంటికి చేరియుండునని మా ఊహ. జడ్జిగారి భార్య రెండేండ్లకు ఊరు విడిచెను; ఈ కుటుంబములు దశాబ్దములపాటు ఇచటనే యుండెను. అయినను మనకు చదువదగిన పుస్తకమిచ్చినది విడిచిపోయిన యామెయే. సాహిత్యములో ఇట్టి అన్యాయములు జరుగుచుండును.

రచయిత్రి తుదికథ కొంత చెప్పవలయును. మన పాఠకురాండ్రకు అది అక్కరయైనది. జూలియా బిడ్డలతో ఇంగ్లండునకు మరలెను. భర్త 1840లో ఈ దేశముననే మరణించెను. ఆమెకప్పుడు ముప్పది రెండేండ్లు. 1842లో చార్లెస్ మైట్లండు అను నతనిని పునర్వివాహమాడెను. ఆ మరుసటి యేడే ఈ జాబులు అచ్చుపడినవి. పిమ్మట పిల్లలకొరకు కథలు వ్రాసి 1864లో కాలము చేసెను. ఆమె జడ్జి భార్యగా తిరిగిన రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము చేయించినప్పుడు ఊరు ఎట్లు అట్టుడికెనో, పెండ్లికి వెళ్లినవారికి ఎట్టి వెలి తప్పలేదో మన పెద్దలెరుగుదురు. దాది పస్తును చాదస్తమని వ్రాసిన చేతికి ఈ రెండవ సంగతి తెలిసియుండిన యెడల ఏ మాట వ్రాసెడిదో!

ఈ పుస్తకము తెలుగున రాదగినది. తెలుగు చేయువారు పొగడ్తలను తీయనక్కర లేదు, ఎత్తిపొడుపులను మెత్తన చేయనక్కరయు లేదు. ఈలపేరు జమీందారును అట్లే యుంచవచ్చును. ఊళ్ల పేర్లను మాత్రము మన పేర్లతో సరిచూచి వేయవలెను. ఇక ఆ పట్టిక వచ్చిన పుటలో, దాది వంటమనిషి యను మాటక్రింద ఒక టిప్పణి వ్రాయవలసియుండును. దొరసాని సంగతులు చెప్పుటకు ఇంగ్లీషు గ్రంథములు కావలసినన్ని గలవు. ఆ టిప్పణికి కావలసిన సంగతులు మన ఇండ్లలోని ముసలమ్మల నడుగవలసినవి.