చేతులు వాద్యం మీదే: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు కాలి పెడల్

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు కాలి పెడల్ కలిపితే వాయించే మనిషి చేతులకు మౌస్ పని తప్పుతుంది. ఒక్కరే వాయిస్తూ, తమను తామే రికార్డు చేసుకునే ఇంటి స్టూడియోల్లో ఈ అవసరం ఎక్కువ. గిటారిస్టు రికార్డ్ బటన్ నొక్కడానికి తీగల మీది చేయి తీసి, మళ్లీ తెచ్చి పెట్టుకునేలోగా తాళం ముందుకు వెళ్లిపోతుంది. చరణం మధ్యలో ఒక్క సంగతి సరిగా పడకపోయినా ఇదంతా మొదటికి వస్తుంది. అలా పదేపదే ఆగి మొదలుపెట్టడంలో పోయేది సమయం ఒక్కటే కాదు, అప్పటిదాకా కుదిరిన పట్టు కూడా.

చేతి పనిని కాలికి అప్పగించడం సంగీతంలో పాత పద్ధతే. తొలినాటి పియానోల్లో తీగలను అణచి ఉంచే డ్యాంపర్లను ఎత్తాలంటే చేతితో మీట లాగాలి, అంటే వాయిస్తున్న చేయి మెట్లను వదలాలి. తర్వాత మోకాలితో నెట్టే మీటలు వచ్చాయి. 1783లో లండన్‌లో జాన్ బ్రాడ్‌వుడ్ పియానో పెడల్‌కు పేటెంట్ తీసుకున్నాడు. తెలుగు పద్యనాటకాల వేదిక మీద కాళ్లతో తిత్తి తొక్కే హార్మోనియం చేసిన మేలూ ఇదే: గాలి పని కాళ్లది, రెండు చేతులూ మెట్ల మీదే.

బ్రాడ్‌వుడ్ పేటెంట్‌కు సుమారు 200 ఏళ్ల తర్వాత, 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ సంగీత వాద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లను ఒక తీగతో కలిపి చూపారు. మిడీ అనే ఉమ్మడి భాష అలా లోకానికి తెలిసింది. దాని రూపకల్పనకు డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి 2013లో టెక్నికల్ గ్రామీ అందుకున్నారు. పెడల్ తొక్కితే సాఫ్ట్‌వేర్ రికార్డింగ్ మొదలుపెట్టడం ఎక్కువగా ఈ భాషలోనే జరుగుతుంది.

మిడీలో ప్రతి నియంత్రణకూ ఒక నంబరు, 0 నుంచి 127 దాకా ఒక విలువ ఉంటాయి. సస్టెయిన్ పెడల్ నంబరు 64. విలువ 63 లేదా అంతకు తక్కువైతే పెడల్ వదిలినట్టు, 64 లేదా అంతకు ఎక్కువైతే తొక్కినట్టు లెక్క. శబ్దం హెచ్చుతగ్గులకు వాడే ఎక్స్‌ప్రెషన్ పెడల్‌ది 11. పాత మిడీ తీగలో ఇలాంటి ఒక సందేశం చేరడానికి పట్టేది సుమారు ఒక మిల్లీసెకను. అందుకే ఆలస్యం కనిపిస్తే పెడల్‌ను అనుమానించే ముందు సౌండ్ కార్డు బఫర్‌ను చూడాలి.

కలపడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, 6.35 మిల్లీమీటర్ల జాక్ ఉన్న మామూలు పెడల్‌ను మిడీ కీబోర్డు వెనకున్న సాకెట్‌లో పెట్టి, ఆ కీబోర్డును యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలపడం. రెండోది, నేరుగా కంప్యూటర్‌లో పెట్టే యూఎస్‌బీ పెడల్. రెండో రకంలో చాలావాటిని కంప్యూటర్ టైపింగ్ కీబోర్డుగానే గుర్తిస్తుంది. పెడల్‌కు స్పేస్‌బార్ కేటాయిస్తే చాలు, ప్లే, స్టాప్ నడుస్తాయి. అయితే కీబోర్డు అక్షరం తెర మీద ముందున్న కిటికీకే చేరుతుంది. సాహిత్యం రాసుకున్న ఫైలు ముందుంటే, కాలు తొక్కిన ప్రతిసారీ పాట మొదలవకుండా ఆ ఫైలులో ఖాళీలు పడతాయి. మిడీ సందేశానికి సాధారణంగా ఈ చిక్కు ఉండదు. రికార్డింగే ప్రధానమైనవారికి మొదటి దారే మంచిది.

సాఫ్ట్‌వేర్‌లో చేసే పని చాలావరకు ఒకటే: ఫలానా సందేశం వస్తే ఫలానా పని చేయమని నేర్పడం. రీపర్‌లో ముందు పెడల్ కలిపిన మిడీ పరికరం నుంచి కంట్రోల్ సందేశాలు తీసుకోవడానికి సెట్టింగుల్లో అనుమతి ఇవ్వాలి. తర్వాత యాక్షన్ల జాబితాలో కావలసినదాన్ని ఎంచుకుని, షార్ట్‌కట్ అడిగినప్పుడు పెడల్ తొక్కాలి. ఏబుల్‌టన్ లైవ్‌లో ఆ మిడీ ఇన్‌పుట్‌కు రిమోట్ ఆన్ చేసి, మిడీ మ్యాప్ మోడ్‌లో రికార్డ్ బటన్‌ను క్లిక్ చేసి పెడల్ తొక్కితే సరిపోతుంది. లాజిక్, క్యూబేస్‌లలోనూ ఇలా నేర్పే ఏర్పాటు ఉంది.

తొక్కినప్పుడు రికార్డింగ్ మొదలై, కాలు తీయగానే ఆగిపోతుంటే కారణం స్పష్టం: పెడల్ దిగినప్పుడు 127, లేచినప్పుడు 0, ఇలా రెండు సందేశాలు వెళ్తున్నాయి. కీబోర్డులోగానీ సాఫ్ట్‌వేర్‌లోగానీ పెడల్‌ను ఒక తొక్కుకు ఆన్, మరో తొక్కుకు ఆఫ్ అయ్యే పద్ధతికి మార్చాలి. పెడల్ తలకిందులుగా పనిచేస్తుంటే పోలారిటీ తేడా. కొన్ని పెడళ్ల స్విచ్ మామూలుగా తెరిచి ఉంటుంది, కొన్నిటిది మూసి ఉంటుంది. చాలా కీబోర్డులు ఆన్ చేసిన క్షణంలో ఉన్న స్థితినే వదిలిన స్థితిగా తీసుకుంటాయి కాబట్టి అప్పుడు పెడల్ మీద కాలు ఉండకూడదు. పియానో వాయించేవారికి 64వ నంబరు స్వరాలను నిలపడానికే కావాలి. రికార్డింగ్ ఆదేశానికి వేరే పెడల్, వేరే నంబరు పెట్టుకోవడం మేలు. 20 నుంచి 31 దాకా ఏ పనికీ కేటాయించని నంబర్లు ఉన్నాయి.

పెడల్ విలువ బాగా తెలిసేది పంచ్-ఇన్‌లో, అంటే తప్పు పడిన ముక్కను మాత్రమే మళ్లీ రికార్డు చేయడంలో. తప్పు పడిన చోటుకు రెండు ఆవర్తాల ముందు నుంచి పాట నడిపించి, దానితో పాటే వాయిస్తూ, ఆ చోటు రాగానే తొక్కాలి, దాటగానే మళ్లీ తొక్కాలి. చేతులు ముందు నుంచే వాయిస్తుంటాయి కాబట్టి కొత్త ముక్క పాతదానిలో అతుకు తెలియకుండా కలుస్తుంది. మైకు దగ్గరుంటే పెడల్ టక్కుమనే చప్పుడూ పడుతుంది. దాని కింద మందపాటి చాప వేయాలి.

ఈ పెడళ్లు కుర్చీలో కూర్చునేవారిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. బాసింపట్టు వేసుకునే కర్ణాటక సంగీత విద్వాంసులకు పాదం ఖాళీగా ఉండదు. వయొలిన్ తల కుడి చీలమండ మీద ఆనుతుంది, మృదంగానికి కుడి కాలే ఆధారం. వీణ వాయించేవారికి కుడి మోకాలు కొంత కదులుతుంది. అక్కడ బల్లపరుపుగా, స్ప్రింగు మెత్తగా ఉన్న చిన్న స్విచ్ పెట్టి మోకాలితో నొక్కవచ్చు. పియానో తరహా బరువైన పెడల్ దీనికి పనికిరాదు. వయొలిన్‌కు, మృదంగానికి ఆటో పంచ్ అనువైనది: దిద్దాల్సిన భాగాన్ని ముందే గుర్తిస్తే, అది రాగానే సాఫ్ట్‌వేరే రికార్డింగ్ మొదలుపెట్టి, దాటగానే ఆపుతుంది. అదే భాగాన్ని లూప్‌లో పెడితే ప్రతి చుట్టూ వేరే టేకుగా నిలుస్తుంది. అప్పుడు చేతులకు మిగిలేది మొదలుపెట్టడం, ఆపడం మాత్రమే.