మర్రికి చెల్లెలి వరస

పిట్టగోడ పగుల్లో రావిమొక్క మొలిస్తే మనకు కంగారు. గోడ చీలుస్తుందని మేస్త్రీని పిలిచి మరీ పీకించేస్తాం. అదే ఇంటిపేరున్న ఇంకో మొక్కను మాత్రం వందలు పోసి కొని, కారులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, సోఫా పక్కన నిలబెడతాం. నర్సరీవాళ్ళు దాన్ని ఫిడిల్ లీఫ్ అంటారు, శాస్త్రం ఫైకస్ లైరాటా అంటుంది. మర్రి, రావి, మేడి, జువ్వి అన్నీ ఫైకస్‌లే. వాటికిది చెల్లెలి వరస. ఆకు తుంచితే అవే తెల్లటి పాలు.

ఆకు పైన వెడల్పు, నడుము దగ్గర సన్నం, కింద మళ్ళీ కాస్త వెడల్పు. పేరుపెట్టిన శాస్త్రజ్ఞుడికి అది గ్రీకుల లైర్ వాద్యంలా తోచింది, తోటలవాళ్ళకు ఫిడేలులా తోచింది. ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలు విని పెరిగిన జాతి కనక మనం రెండో పక్షమే.

దీని పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికాలోని పల్లపు వానల అడవులు. అక్కడ తరచు ఇంకో చెట్టు కొమ్మమీదే మొలిచి, కిందికి వేళ్ళు దించి, మెల్లగా ఆ చెట్టునే చుట్టేస్తుంది. తాటిచెట్టును కావలించుకున్న మర్రిని చూసినవాళ్ళకు ఇది వింతేమీ కాదు. అడవిలో 40 అడుగులు దాటుతుంది. కదిరి దగ్గర ఎకరాలకొద్దీ నీడ పరిచిన తిమ్మమ్మ మర్రిమానుకు చుట్టమైన ఈ చెట్టును మనం సామానులా చూస్తున్నాం. తంటా అంతా అక్కడే మొదలవుతుంది.

సామానైతే గది మూలకు అందం. చెట్టుకు మూల చీకటి. మధ్యాహ్నం లైటు వెయ్యకుండా ఆకుల దగ్గర చెయ్యి అడ్డం పెట్టి చూడండి. గోడమీద నీడ తేటగా పడితే ఆ చోటు పనికొస్తుంది, మసకగా పడితే కిటికీవైపు జరపండి. తూర్పు కిటికీ అన్నిటికంటే మేలు. పడమటి ఎండ ఏప్రిల్, మే నెలల్లో ఆకును మాడ్చేస్తుంది. ఏసీ గాలి సూటిగా తగలకూడదు. చోటు కుదిరాక ఊరికే అటూ ఇటూ మార్చొద్దు. కొత్తచోట మొదటి నెలలో నాలుగాకులు రాల్చినా కంగారుపడకండి, అలవాటు పడుతోందన్నమాట.

ఇక నీళ్ళు. నా మొదటి మొక్కను చంపింది నేనే. అడుగున చిల్లులేని పింగాణీ కుండీలో పెట్టి రోజూ పొద్దున్నే చెంబెడు పోశాను. కింది ఆకుల నడుమ ముదురు గోధుమరంగు మచ్చలు లేస్తే, దాహమేమో అనుకుని ఇంకో చెంబు పోశాను. చివరికి పెకిలించి చూస్తే వేళ్ళు నల్లబడి మురుగు కంపు. ఇప్పుడు మట్టిలో రెండో కణుపుదాకా వేలు పెడతాను. తడి తగిలితే వెనక్కి వచ్చేస్తాను. పొడిగా ఉంటే అడుగు చిల్లులోంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోస్తాను. వారానికి ఎన్నిసార్లని అడుగుతారు. ఆ లెక్క వేలు చెబుతుంది, క్యాలెండరు చెప్పదు.

ఆకు అంచులు మాత్రమే ఎండి గలగలలాడితే అది దాహం. లేతాకుమీద ఎర్రటి చిన్న చుక్కలు వస్తే ఓరోజు వరద, ఓవారం కరువు చేశారన్నమాట. ఆకు ముదిరేకొద్దీ అవి చాలావరకు కలిసిపోతాయి. తడిబట్టతో దుమ్ము తుడిచేటప్పుడు ఆకు అడుగు కూడా చూడండి. పిండినల్లి, పొలుసుపురుగు దాక్కునేది అక్కడే.

అసలు సరదా అంటు కట్టడంలో ఉంది. మన తోటమాలులు దానిమ్మకు, నిమ్మకు కట్టే గాలి అంటు ఇదే. వానాకాలంలో బొటనవేలంత కొమ్మ చూసుకుని, కణుపు కింద అంగుళం మేర చుట్టూ బెరడు ఒలవాలి. పాలు కారతాయి, గుడ్డతో అద్దేయండి. కొయ్యమీది పచ్చపొరను కత్తివెనకతో గీకకపోతే బెరడు మళ్ళీ కలిసిపోతుంది, శ్రమంతా వృథా. పిండిన కొబ్బరిపొట్టు గుప్పెడు దానిచుట్టూ పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు చివరలా దారం బిగించాలి. ఒకటి రెండు నెలల్లో కాగితంలోంచి తెల్లటి వేళ్ళు కనిపిస్తాయి. వాటి కింద కోసి నాటుకోవడమే. మోడు ఊరుకోదు, కిందనున్న కళ్ళలోంచి కొత్త కొమ్మలు వేస్తుంది. ఒట్టి ఆకును గ్లాసునీళ్ళలో పెట్టినా వేళ్ళు వస్తాయి కానీ, కణుపు లేనిదే కొమ్మ రాదు. ఏళ్ళతరబడి ఆ ఒక్క ఆకే మిగులుతుంది.

గాలిని శుభ్రం చేస్తుందని అమ్మేవాళ్ళ మాట నమ్మకండి. ఆ ప్రచారానికి మూలం 1989లో నాసా మూసిన పెట్టెల్లో చేసిన పరీక్షలు. 2019లో ఆ కోవ పరిశోధనలను తిరగేసినవాళ్ళు, కిటికీ తెరిస్తే వచ్చే ఫలితం కుండీలతో రావాలంటే ఇల్లు అడవైపోవాలని తేల్చారు. ఇంట్లో ఒక చెట్టు చిగురెయ్యడం కళ్ళారా చూడటమే దీని విలువ. నాకది చాలు. పాలు చర్మానికి దురద పెడతాయి, ఆకు నమిలితే పిల్లికీ కుక్కకూ పడదు. అవి తిరిగే ఇంట్లో ఎత్తున పెట్టండి.

పెరడున్నవాళ్ళకు ఒక మాట. మన వాతావరణంలో ఇది నేలలోనూ చక్కగా పెరుగుతుంది. కాకపోతే గోడకు దూరంగా నాటండి, రావి చెల్లెలు కదా.