ఊరికి దూరం, గూడేనికి దగ్గర

ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు. దానికోసం తెలుగులో ఒక సారాంశం తయారవుతుంది. దాన్నెవరూ సాహిత్యం అనరు. కానీ మన బతుకు గురించిన రాత కాబట్టి, కథను విమర్శించినట్టే దీన్నీ విమర్శించాలని మేము అనుకున్నాం.

మేము చదివింది పేలుడు మందులు తయారుచేసే ఫ్యాక్టరీ సారాంశం. 'సమీపంలో జనావాసాలు లేవు' అని రాశారు. దూరం కొలిచింది రెవెన్యూ గ్రామం నుంచి. మధ్యలో ఉన్న మా గూడెం పటంలోనే లేదు. పోడు చేలు బంజరు అయ్యాయి. మా వాగుకు దక్కింది ఒక్కటే మాట: 'నీటి వనరు'. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లారకముందే ఆ చెట్ల కింద ఎంతమంది ఉంటారో రాసినవాళ్లకు తెలియదు, అడగనూ లేదు.

దూరం ఉండాలన్న నియమం మంచిదే. 2008 నాటి పేలుడు పదార్థాల నియమాల ప్రకారం నిల్వ పెరిగేకొద్దీ ఇళ్లకూ బడులకూ దూరం పెరగాలి. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో, ఏళ్ల తరబడి పడివున్న అమ్మోనియం నైట్రేట్ పేలి 200 మందికి పైగా చనిపోయారు. అలాంటి సరుకు పట్నం నడుమ ఉండకూడదు, ఒప్పుకుంటాం. మరి పట్నం నుంచి జరిపింది ఎక్కడికి చేరుతుంది? జనం పలచగా ఉన్నచోటికి. అంటే మన దగ్గరికి. పలచగా ఉండటం, అసలు లేకపోవడం ఒకటేనా?

విషవాయువుల సంగతి వేరు. అక్కడ పటం మీద గుండ్రంగా గీత గీస్తే చాలదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకుని 12 మంది చనిపోయారు. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది, పల్లంలో నిలుస్తుంది. మన గూడేలు చాలావరకు వాగు పక్కనే కదా! ఎన్ని కిలోమీటర్లు అన్నదానితో పాటు ఏ దిక్కు గాలి, ఎటు వాలు అన్నదీ ఆ సారాంశాల్లో ఉండాలి.

మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలతో పటం గీయించాం. ఇళ్లు, చెలమ, హాస్టల్, మేకల దారి, ఎండాకాలపు గాలి దిక్కు అన్నీ పెట్టారు. అర్జీకి జతచేసి ఇచ్చాం. సర్వే నంబర్లు లేవేమని అధికారి అడిగారు. అయినా తీసుకున్నారు. సభ మినిట్స్‌లో దాని ప్రస్తావన ఉందో లేదో చూడటానికి కాపీ అడిగాం. ఇంకా రాలేదు.