ఆఖరి రీలు బాకీ

క్రైమ్ సినిమా అయిపోయాక ఇంట్లో రెండు ప్రశ్నలు లేస్తాయి. ఇది జరిగే పనేనా అన్నది ఒకటి. బాగా ముగించాడా అన్నది ఇంకొకటి. వాదనలో పడ్డాక రెంటినీ కలిపేసి మాట్లాడతాం. "అసలు పోలీసులు అంత వెర్రివాళ్లా?" అని మొదలుపెట్టినవాడు పావుగంటకల్లా "అయినా భలే తీశాడ్రా" దగ్గర తేలతాడు. తర్కంలో ఓడిన ముగింపు మనసులో ఎలా గెలుస్తుందో చూడాలంటే నాకు 'దృశ్యం' కంటే మంచి సరుకు దొరకలేదు. ఇంకా చూడనివాళ్లు మిగిలుంటే ఈ వారం కాలమ్ ఇక్కడితో వదిలేయండి. ముగింపు దాచిపెట్టి ముగింపు గురించి రాయడం నా వల్ల కాదు.

జీతూ జోసెఫ్ మలయాళంలో తీసిన 'దృశ్యం' 2013 డిసెంబరులో వచ్చింది. మోహన్‌లాల్ వేసిన జార్జ్‌కుట్టి, మరుసటి ఏడు శ్రీప్రియ దర్శకత్వంలో మన వెంకటేశ్ రాంబాబు అయ్యాడు. కేబుల్ టీవీ నడుపుకునే మనిషి. చదువు అంతంతమాత్రం, సినిమాల పిచ్చి మాత్రం నిండా ఉంది. పెద్దకూతురి స్నానం వీడియో తీసి బెదిరించిన కుర్రాడు తల్లీకూతుళ్ల చేతిలో చచ్చిపోతాడు. ఆ కుర్రాడి తల్లి ఐజీ. ఇక శవం ఏమైంది, కుటుంబం ఎలా బయటపడింది అన్నదే కథ. శవం ఎక్కడుందో ఆఖర్న మనకొక్కరికే చూపిస్తారు. అప్పట్లో కడుతూ ఉన్న పోలీస్ స్టేషన్ నేల కింద.

నమ్మలేం అంటూ చాలామంది పట్టుకునేది సాక్షుల సంగతి. బస్సు కండక్టరు, లాడ్జీ మనిషి, హోటల్ వాడు, థియేటర్లో ప్రొజెక్టర్ నడిపేవాడు, అందరూ ఆ కుటుంబం ఫలానా తేదీనే మా దగ్గరికొచ్చిందని ఒకే మాట చెబుతారు. వాళ్లెవరూ అబద్ధం ఆడటం లేదు. కుటుంబం నిజంగానే వెళ్లింది, కాకపోతే ఆ తేదీన కాదు. హీరో తర్వాత మళ్లీ వెళ్లి, మాటల మధ్య తనకు కావలసిన తేదీని వాళ్ల బుర్రల్లో నాటి వస్తాడు. ఇంతమంది అంత అమాయకంగా పడతారా అని అడుగుతారు. నాకైతే కథ మొత్తంలో గట్టిగా నిలబడే భాగం ఇదే. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అమెరికాలో 1974లో ఒక ప్రయోగం అచ్చేశారు. విద్యార్థులకు కార్లు గుద్దుకునే ఫిల్ము చూపించి, ఎంత వేగంలో ఉన్నాయని అడిగారు. కొందరిని అడిగేటప్పుడు కార్లు 'తగిలినప్పుడు' అన్నారు, కొందరి దగ్గర 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అన్నారు. రెండో మాట విన్నవాళ్లు ఎక్కువ వేగం చెప్పారు. వారం తర్వాత మళ్లీ పిలిచి, పగిలిన అద్దం కనిపించిందా అని అడిగితే, ఫిల్ములో లేని అద్దాన్ని చూశామన్నవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. మాట మారిస్తేనే కళ్లారా చూసింది మారిపోతుంటే, రోజూ వందమందికి టికెట్లు కొట్టే కండక్టరు తేదీ ఒక రోజు అటూ ఇటూ అయిందంటే వింతేముంది?

అసలు చిల్లు ఇంకోచోట ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా తడమరు. శవం దొరక్కపోతే హత్య కేసు నిలవదు అన్న నమ్మకం మీద సినిమా అంతా నడుస్తుంది. చట్టం అలా అనదు. 1981లో హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, శవం దొరకడం తప్పనిసరి కాదని, మిగతా సాక్ష్యం గట్టిగా ఉంటే శిక్ష వేయవచ్చని చెప్పింది. హాల్లో కూర్చున్నప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తురాదు. తెలిసినా అడ్డురాదు.

ఎందుకు అడ్డురాదంటే, దర్శకుడు మనల్ని మోసం చెయ్యలేదు. మలయాళం సినిమా మొదలవడమే కొత్త పోలీస్ స్టేషన్లో కూర్చున్న జార్జ్‌కుట్టితో మొదలవుతుంది. స్టేషన్ కడుతున్నప్పుడు కూడా దాన్ని మన కళ్ల ముందే ఉంచుతారు. పెరట్లో తవ్వితే శవానికి బదులు దూడ కళేబరం బయటపడ్డప్పుడే, ఇతను మనకంటే ఒక అడుగు ముందున్నాడని తెలిసిపోతుంది. చివర్లో పార పట్టుకుని ఆ సగం కట్టిన గదిలోంచి బయటికొస్తున్న మనిషిని చూపించినప్పుడు కొత్తగా చెప్పింది ఒక్క ముక్కే. మిగతాదంతా మనం ముందే చూశాం, చూసి వదిలేశాం. అందుకే కోపం రాదు, మన మీద మనకే నవ్వొస్తుంది.

రెండో భాగం దగ్గర మా ఇంట్లో పేచీ మొదలైంది. మలయాళం 2021 ఫిబ్రవరిలో, తెలుగు అదే ఏడాది నవంబరులో, రెండూ ఓటీటీలోనే వచ్చాయి. ఆరేళ్ల తర్వాత స్టేషన్ నేల తవ్వుతారు, ఎముకలు దొరుకుతాయి, హీరో నేరం ఒప్పుకుంటాడు. తీరా డీఎన్ఏ సరిపోదు. ఎముకలు పరీక్షకు చేరేలోగా మార్చేశారని, అందుకు అతను ఏళ్ల తరబడి ఏర్పాట్లు చేసుకున్నాడని తర్వాత తెలుస్తుంది. (మన దేశంలో డీఎన్ఏ పరీక్షను కోర్టు మొదట ఒప్పుకున్నదీ కేరళలోనే, 1989లో, తలశ్శేరిలో. ఆ పరీక్ష చేసింది హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీసింగ్ బృందం.)

మా మేనమామ జిల్లా కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఒప్పుకోలు సంగతి వరకు సినిమాకు మంచి మార్కులే వేశాడు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు కాబట్టి, కేసంతా ఎముకల మీదే నిలబడటం సబబే అన్నాడు. ఎముకలు మార్చడం దగ్గరికొచ్చేసరికి రిమోట్ లాక్కుని సినిమా ఆపేశాడు.

"ఒరేయ్, ఇదేమన్నా కూరగాయల సంచా? పంచుల ఎదుట పెట్టెలో పెడతారు. గుడ్డ చుట్టి కుడతారు. ముడి మీద లక్క కరిగించి సీలు కొడతారు. పంచులు సంతకాలు పెట్టిన చీటీ అంటిస్తారు. ఆ సీలు నమూనా విడిగా ఇంకో కాగితం మీద కొట్టి ల్యాబుకి పంపుతారు. అక్కడ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని గానీ పెట్టె విప్పరు. సీలు చెదిరిందంటే డిఫెన్సు లాయరుకి పండగే."

"సీలు వేసే లోపలే మార్చాడేమో మావయ్యా."

"అయితే వేయనివాడిని సస్పెండ్ చెయ్యాలి. అది చూపించాడా?"

చూపించలేదు. అయితే మావయ్య పట్టుకున్న చిక్కు నాకు పెద్దగా అనిపించలేదు. రాత్రి కాపలావాడితో మందు స్నేహం కలిస్తే మన దగ్గర ఏ తలుపు తెరుచుకోదు? నాకు గుచ్చుకున్నది చెప్పిన తీరు. మొదటి భాగంలో స్టేషన్ మన కళ్ల ముందు కట్టారు. రెండో భాగంలో శ్మశానంలో గుంతలు తవ్వే మనిషితో స్నేహం, ఎముకలు సంపాదించడం, మార్పిడి, ఇవన్నీ చివర్న ఇంకో పాత్ర నోటితో గబగబా చెప్పిస్తారు. చూసి వదిలేసినదానికి నన్ను నేను తిట్టుకుంటాను. చూపించనిదాన్ని ఎలా పట్టుకోను?

అయినా ఆ రెండో ముగింపు చాలామందికి నచ్చింది. కొంత నాకూ నచ్చింది. ఎందుకో తేలాలంటే మళ్లీ మొదటి సినిమాకే వెళ్లాలి. అందరూ స్టేషన్ నేల గురించే చెప్పుకుంటారు గానీ, నా లెక్కలో ఆ సినిమా ముగిసేది దానికి కాస్త ముందు, నీళ్ల ఒడ్డున. ఉద్యోగం వదిలేసిన ఐజీ, ఆమె భర్త ఆ కేబుల్ మనిషిని కలుస్తారు. ఇప్పుడు వాళ్లు పోలీసులు కారు. కొడుకు బతికి ఉన్నాడో లేడో తెలిస్తే చాలనుకునే తల్లిదండ్రులు. అతను పేరు ఎత్తడు, నేరం ఒప్పుకోడు. పిలవకుండా వచ్చిన మనిషి గురించి చెప్పి, క్షమించమంటాడు. ఆ తల్లికి అర్థమవుతుంది. ఆ సీను కోసేసి చూడండి. స్టేషన్ నేల షాటు ఉత్త గొప్పలు చెప్పుకోవడం అయిపోతుంది. పోలీసులకు టోపీ పెట్టిన తెలివికి చప్పట్లు కొడతాం, ఇంటికెళ్లాక మనసు చివుక్కుమంటుంది. చచ్చినవాడు ఎంత వెధవ అయినా ఒక ఇంటి పిల్లాడు. వాళ్లకు చెల్లాల్సింది ఎంతో కొంత చెల్లిన తర్వాతే దర్శకుడు మనకు తమాషా చూపించాడు. వరస అదే కావడంలో ఉంది పనితనమంతా.

మన పాత సినిమాల్లో ఈ బాకీ తీర్చే పని పోలీసు జీపుది. హీరో విలన్‌ను చంపబోయే క్షణానికి ఇన్‌స్పెక్టర్ దిగి, చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవద్దని ఒక ముక్క చెప్పి, బేడీలు వేస్తే 'శుభం' కార్డు పడేది. 'దృశ్యం' కథనే 2019లో చైనావాళ్లు 'షీప్ వితౌట్ ఎ షెపర్డ్' పేరుతో తీశారు. అందులో తండ్రి చివరకు తనే వెళ్లి లొంగిపోతాడు. చట్టం ప్రకారం దానికి వంక పెట్టడానికి లేదు. అయినా ఆ కథ నాకు మధ్యలో వేరే మనిషి రాసినట్టు తోచింది. అన్ని రాత్రులు నిద్రలేకుండా కాపాడుకున్న ఇంటిని ఆ తండ్రి ఎలా వదిలిపోయాడన్నది మనసుకు ఎక్కలేదు. జరగడానికి వీలున్న ముగింపే, ఆ మనిషికి మాత్రం అతకలేదు.

రెండో భాగం దర్శకుడికీ ఈ బాకీ లెక్క బాగా తెలుసు. కోర్టు గొడవ ముగిశాక కొడుకు అస్థికలు ఆ తల్లిదండ్రులకు చేరతాయి. హీరో ఇంట్లోనూ సుఖం లేదు. పెద్దకూతురికి మూర్ఛలు, పోలీసు బండి కనిపిస్తే వణుకు, ఊరి నోట్లో ఆ పిల్ల పేరు. తప్పించుకున్నవాడు హాయిగా లేడని గంటన్నర ముందే చూపించి ఉంచారు కాబట్టి, లక్క సీలు లెక్కలు పక్కన పెట్టి తల ఊపుతాం.

నేను ఊపబోయి ఆగిపోయింది ఒక్కచోట. కోర్టుకు చేరిన ఆ ఎముకలు ఎవరివి? అదే వయసులో పోయిన ఇంకో కుర్రాడివి. అతనికీ తల్లి ఉంటుంది కదా. ఏటా ఆ సమాధి దగ్గరికి పూలు తెచ్చి, ఖాళీ గుంత మీద పెట్టి వెళుతుంటుందేమో. ఒక తల్లికి అస్థికలు అందేదాకా అంత జాగ్రత్తపడిన కథ రెండో తల్లిని తలుచుకోనైనా లేదు. పోలీసుల తెలివితక్కువతనమూ డీఎన్ఏ గారడీ నాకు సమ్మతమే. ఇది మాత్రం మింగుడు పడలేదు. మూడో భాగం ప్రకటించారని తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చిందీ ఆవిడే.

ఈ మాట మావయ్యతో అంటే కాసేపు ఆలోచించి, "గుర్తుతెలియని ఎముకలు కదా, కేసు ప్రాపర్టీ కింద రాసి ఉంచుతారు," అన్నాడు. "ఎవరైనా పిటిషన్ పెట్టుకుంటే ఇస్తారు. పెట్టుకోవాలంటే ముందు ఆ తల్లికి తెలియాలి కదరా."