ఆయనది వాదన, ఆవిడది సాధింపు

మొన్న మా అమ్మాయి ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని, "డిబేట్, డిస్ప్యూట్, బికరింగ్... అన్నీ గొడవేనా అమ్మా?" అంది. సభలో అయితే డిబేట్, గట్టు తగాదా అయితే డిస్ప్యూట్, చీటికీ మాటికీ కీచులాడుకుంటే బికరింగ్ అన్నాను.

'స్కోల్డ్' దగ్గర మాత్రం నా మనసు చివుక్కుమంది. క్రియ అయితే ఎవరు తిట్టినా తిట్టడమే. నామవాచకం అయితే నోరుగల ఆడది! ఇంగ్లండులో 'కామన్ స్కోల్డ్' అన్నది ఒక నేరం. అలాంటి స్త్రీని కుర్చీకి కట్టి నీళ్లలో ముంచేవారు. ఆ నేరాన్ని చట్టంలోంచి తీసేసింది ఎప్పుడనుకున్నారు? 1967లో!

'ష్రూ' అంటే చుంచెలుక. గయ్యాళికీ అదే మాట. షేక్స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ'లో ఆ బిరుదు కేథరీనాది. ఆమె మొగుడు పెట్రూచియో ఆగడాలు విని, ఆవిడకంటే ఈయనే పెద్ద ష్రూ అని ఒక నౌకరు అననే అంటాడు. అయినా నాటకం మచ్చిక చేసేది ఆవిడనే. ఆవిడ గొంతు కొలుస్తారుగాని, మాటలో న్యాయమెంతో తూచరు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 'గయ్యాళి'కి పుంలింగం చెప్పండి చూద్దాం!

ఆ రాత్రే, అమ్మాయిని ఎమ్మే చదివిద్దామన్నాను. "మళ్లీ మొదలెట్టావా సాధింపు?" అన్నారు మావారు.

"సాధింపు కాదండీ, వాదన. జవాబు చెప్పండి" అన్నాను.