మేమా, మనమా? రెండు మంచుకొండల కథనాలలో గైడు స్థానం

ఎం.ఏ. రెండో సంవత్సరం అనువాద తరగతిలో మేము ఏటా ఒక యాత్రాకథనం ఇస్తూ ఉంటాము. అది విద్యార్థులు ఎన్నడూ చూడని చోటికి సంబంధించినదై ఉండాలని మా పట్టుదల. చూసిన చోటైతే మూలాన్ని వదిలేసి తమ జ్ఞాపకాన్ని అనువదిస్తారు. ఈసారి ఇచ్చింది షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్ 1894 డిసెంబరు 'స్ట్రాండ్ మేగజైన్'లో ప్రచురించిన వ్యాసం. స్విట్జర్లండులో స్కీల మీద ఒక కనుమ దాటిన ఒక్కరోజు ప్రయాణం అందులోని విషయం. మంచును గురించి, స్కీలను గురించి ప్రశ్నలు వస్తాయని సిద్ధపడి వెళ్లాము. బరంపురం నుంచి వచ్చిన అమ్మాయి మొదటి పేరా దగ్గరే ఆగి, "సార్, ఈ 'వుయ్'ని మేము అనాలా, మనం అనాలా?" అని అడిగింది. "మేము అని రాయమ్మా, పాఠకుడు వాళ్ల వెంట లేడు గదా" అని తేలికగా చెప్పి ముందుకు పోయాము. ఇంటికి వెళ్లి ఆలోచిస్తే ఆ జవాబు సగమే సరైనదనిపించింది. మిగతా సగం కోసం ఈ వ్యాసం.

ముందుగా విషయం కొంత తెలియాలి. సినిమాలలో చూసే స్కీయింగు వేరు. అక్కడ యంత్రం మనిషిని పైకి మోసుకుపోతుంది, మనిషి కిందికి జారుతాడు. ఇక్కడ పరిశీలించే పద్ధతిలో ఎక్కడం కూడా స్కీల మీదనే. మడమ పైకి లేచేటట్లు కాలి ముందుభాగాన్ని మాత్రమే స్కీకి బిగించుకొంటారు. జారిపోకుండా స్కీ అడుగున ఒక చర్మపు పట్టీ అంటిస్తారు. ఒకప్పుడు అది సీలు జంతువు తోలు. ఇప్పుడు మేక ఉన్నితోనో నైలానుతోనో చేస్తున్నా దాన్ని 'చర్మం' అనే పిలుస్తున్నారు. దాని వెంట్రుకలన్నీ ఒకే వైపుకు వాలి ఉంటాయి కనుక స్కీ ముందుకు సాగుతుంది, వెనక్కి జారదు. శిఖరమో కనుమో చేరాక పట్టీ ఊడదీసి కిందికి దిగుతారు. బయలుదేరడం తెల్లవారకముందే. రాత్రి చలికి మంచు పైపొర గట్టిపడి ఉంటుంది; వసంతకాలంలో పొద్దెక్కేకొద్దీ ఎండకు మెత్తబడి చరియలు విరుగుతాయి. ఏ వాలు మీద కాలు పెట్టాలి, ఏ వాలును వదిలేయాలి అన్నది ఆ రోజుకు గైడు తీర్పు. ఈ రచనలన్నిటికీ ప్రాణం ఆ తీర్పులోనే ఉందని మా అభిప్రాయం.

డాయిల్ భార్య లూయీజాకు క్షయవ్యాధి. ఆమె ఆరోగ్యం కోసం దావోస్‌లో ఉన్న కాలంలోనే ఆయనకు స్కీల మోజు పుట్టింది. ఆ ఊరి అన్నదమ్ములు టోబియాస్ బ్రాంగర్, యోహానెస్ బ్రాంగర్ అప్పటికే స్కీలు నేర్చారు. ఊరివాళ్లు నవ్వుతారని మొదట్లో చీకటిపడ్డాక సాధన చేసేవారంటారు. 1893లో వాళ్లిద్దరూ మైయెన్‌ఫెల్డర్ ఫుర్గా అనే కనుమ మీదుగా అరోసాకు దాటారు. మరుసటి ఏడు 1894 మార్చి 23న డాయిల్‌ను వెంటబెట్టుకొని మళ్లీ దాటారు. తెల్లవారుజామున నాలుగున్నరకు దావోస్ వదిలి, వెన్నెలలో ఫ్రాయెన్‌కిర్ష్ గ్రామం దాకా నడిచి, అక్కడినుంచి ఎక్కి, సుమారు 2,440 మీటర్ల ఎత్తున్న కనుమ దాటి, మధ్యాహ్నానికి ముందే అరోసాలో దిగారు.

డాయిల్ రచనలో పస అంతా హాస్యంలో ఉంది. ఎనిమిది అడుగుల పొడవూ నాలుగంగుళాల వెడల్పూ ఉన్న రెండు చెక్కలు మనిషిని ఎలా ఏడిపిస్తాయో ఆయన చెబుతుంటే నవ్వకుండా చదవలేము. దిగేటప్పుడు ఒక నిటారు వాలు దగ్గర బ్రాంగర్ సోదరులు స్కీలను జతకట్టి బండిలా చేసి, వాటిమీద కూర్చొని జారిపోయారు. డాయిల్ స్కీలు మాత్రం ఆయనను వదిలేసి ముందే వెళ్లిపోయాయి. ఆయన పంట్లాము మీదనే కొండ దిగాడు. ఆ గుడ్డ అరగదని తన దర్జీ చెప్పిన మాట శాస్త్రీయ పరీక్షకు నిలవలేదనీ, దాని నమూనాలు కనుమ నుంచి అరోసా దాకా దొరుకుతాయనీ, మిగతా రోజంతా గోడకు ఆనుకొని ఉండటమే సుఖంగా తోచిందనీ రాశాడు. మా విద్యార్థులు దీన్ని చక్కగానే అనువదించారు. వాళ్ల చేతికి చిక్కనిది వేరే ఉంది.

కొండల్లో స్కీల మీద తిరిగిన మొదటివాణ్ణి, ఇద్దరు స్విస్సువాళ్లను మినహాయిస్తే, తానేనని డాయిల్ ఒకచోట అంటాడు. చారిత్రకంగా ఇది నిలవదు: 1893 జనవరిలోనే గ్లారుస్‌కు చెందిన క్రిస్టోఫ్ ఇసెలిన్ మిత్రులతో ప్రాగెల్ కనుమను స్కీల మీద దాటాడు. మాకు ఆసక్తి కలిగించింది ఆ వాక్యం కట్టడి. తెచ్చినవాళ్లు, దారి తెలిసినవాళ్లు ఆ ఇద్దరు. వాక్యంలో మినహాయింపుగా మిగిలింది కూడా ఆ ఇద్దరే. డాయిల్ కృతఘ్నుడని మా భావం కాదు. పేర్లు చెప్పాడు, మెచ్చుకొన్నాడు. ఆ కాలపు యాత్రికులలో అది కూడా చేయనివారు లేకపోలేదు. అయినా ఆయన 'వుయ్' నిలకడలేనిది. వెన్నెలలో ఎక్కేటప్పుడు అది ముగ్గురిది. ఇకముందు వందలాది ఇంగ్లీషువాళ్లు స్కీల కోసం స్విట్జర్లండు వస్తారని ఊహించేటప్పటికి అన్నదమ్ములు చిత్రంలోంచి జారిపోయి, ఇంగ్లండులో పత్రిక చదువుతున్నవాళ్లు లోపలికి వచ్చేస్తారు.

ముప్పై ఏళ్ల తరువాత, 1924లో వచ్చిన 'మెమరీస్ అండ్ అడ్వెంచర్స్' అనే ఆత్మకథలో ఆయన ఈ రోజును మళ్లీ తలచుకొన్నాడు. అక్కడ ఒక దృశ్యం ఉంది. గట్టిపడిన మంచువాలు మీద అడ్డంగా నడుస్తున్నారు. ఎడమవైపు వాలు ఒక అగాధంలో ముగుస్తుంది, అందులోంచి నీలి ఆవిరి లేస్తున్నది. ముగ్గురినీ కలిపి కట్టుకోవడానికి తాడు లేదు. అప్పుడు అన్నదమ్ములిద్దరూ డాయిల్‌కు ఎడమపక్కకు మారారు. ఆయన జారితే ఆ దెబ్బ వాళ్లమీద పడాలని. డాయిల్ ఈ సంగతిని రెండు మూడు వాక్యాలలో ముగించి, అపాయాన్ని కాస్త ఎక్కువగా ఊహించుకొన్నామేమో అని సర్దుకొన్నాడు. పంట్లాము హాస్యానికి దొరికినంత చోటు దీనికి దొరకలేదు. మమ్మల్ని అడిగితే ఆ రోజు మొత్తంలో రాయదగిన క్షణం ఇదే.

ఇక్కడ తెలుగు అనువాదకుడికి ఒక సదుపాయం ఉంది. మన భాషలో సంఖ్యకు కూడా పురుషప్రత్యయం చేరుతుంది: ముగ్గురం, ఇద్దరం. "తాడు లేదు" అని ఊరుకోవచ్చు; "మా ముగ్గురినీ కలిపి కట్టేందుకు తాడు లేదు" అనీ అనవచ్చు. "కనుమ ఎక్కాము" అనవచ్చు, "ముగ్గురం కనుమ ఎక్కాము" అనీ అనవచ్చు. రెండోది రాస్తే గైడులు కర్తృస్థానంలో కూర్చొంటారు. శ్రమ ముగ్గురిదీ అయిన చోటల్లా 'ముగ్గురం' వేయమని మేము ఇప్పుడు చెబుతున్నాము. మూలంలో లేని సంఖ్యను చేర్చడం న్యాయమా అని ఒకరిద్దరు అడిగారు. మూలంలో ఆ సంఖ్య మరుగున ఉంది, అంతే. అయితే భవిష్యత్తులో రాబోయే ఇంగ్లీషువాళ్ల ప్రస్తావన దగ్గర చేర్చకూడదు. అక్కడ గైడులను మరిచిపోవడం డాయిల్ చేసిన పని, దాన్ని దిద్దడం మన పని కాదు.

ఇంతవరకూ 'మేము' సంగతి. 'మనము' ఎందుకు ముఖ్యమో తెలియడానికి హెమింగ్వే దగ్గరికి పోవాలి. ఆయన మరణానంతరం 1964లో వెలువడిన 'ఎ మూవబుల్ ఫీస్ట్' చివర, 1920ల నడుమ భార్య హాడ్లీతో ఆస్ట్రియాలోని ష్రున్స్ అనే ఊళ్లో గడిపిన శీతకాలాల వర్ణన ఉంది. స్కీ అడుగున సీలు చర్మాలు కట్టుకొని ఎక్కడం, ఎత్తయిన కొండగుడిసెలలో రాత్రులు, మర్నాటి దిగుడు. అక్కడి గైడు వాల్టర్ లెంట్; ఒకప్పుడు ప్రసిద్ధుడైన హానెస్ ష్నైడర్‌తో కలిసి పనిచేసినవాడు, కొత్తగా ఆల్పైన్ స్కీబడి పెట్టినవాడు. ఆ ఏడు మంచుచరియలు విరిగి చాలామంది చనిపోయారు. లెంటు దగ్గర నేర్చుకోవడానికి ఒక జర్మన్ బృందం వచ్చింది. పరిస్థితి బాగాలేదు, ఇప్పుడు వద్దని లెంటు నిరాకరించాడు. వాళ్లలో ఒకడు పిరికివాడివన్నాడు. నువ్వు రాకపోతే మాకు మేమే వెళ్తామన్నారు. చివరికి లెంటు తనకు కనిపించిన వాటిలో అత్యంత భద్రమైన వాలుకు వాళ్లను తీసుకుపోయాడు. ముందు తాను దాటాడు. వాళ్లు వెనక నడిచారు. కొండవాలు మొత్తం విరిగి పడింది. పదముగ్గురిని తవ్వి తీస్తే తొమ్మిదిమంది చనిపోయి ఉన్నారని హెమింగ్వే కథనం.

"మాకు మేమే వెళ్తాం." ఈ వాక్యాన్ని వేరే రకంగా తెలుగులో రాయడం సాధ్యం కాదు. 'మనం' అంటే గైడు లోపల ఉంటాడు. 'మేము' అంటే ఎదుట నిలబడి వింటున్న గైడు బయటికి పోతాడు. ఆ సంభాషణ బహుశా జర్మనులో జరిగి ఉంటుంది. జర్మను 'వీర్' గానీ ఇంగ్లీషు 'వుయ్' గానీ ఈ తేడాను పలకవు. తెలుగు పలుకుతుంది. అంతకుముందు లెంటు అన్న మాటను తెలుగులో ఊహించండి: "ఇవాళ మనం వెళ్లకూడదు." దానికి జవాబు: "మేము వెళ్తాం." సర్వనామం మారిన ఆ ఒక్క చోట బృందం విడిపోయింది. లెంటు వెంట వెళ్లినా అది మళ్లీ అతకలేదు. మా విద్యార్థిని వేసిన ప్రశ్నకు మేమివ్వని సగం జవాబు ఇదీ. కథ చెప్పేటప్పుడు పాఠకుడు వెలుపల ఉంటాడు కనుక 'మేము' సరే. కథలో పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరు ఎవరిని లోపల ఉంచుకొన్నారో అనువాదకుడు ప్రతిసారీ తేల్చుకోవాలి.

ఒక విద్యార్థి "లెంటు వాళ్లను తీసుకుపోవలసివచ్చింది" అని రాశాడు. వాక్యం సొగసుగానే ఉంది, కానీ మేము కొట్టేశాము. హెమింగ్వే అలా అనలేదు, తీసుకుపోయాడు అన్నాడు. 'వలసివచ్చింది' అనే తెలుగు సౌలభ్యం ఎంత బరువునైనా ఎవరి భుజం మీదనుంచైనా దింపేస్తుంది. మన ఆఫీసు ఉత్తరాలన్నీ దాని మీదనే నడుస్తున్నాయి. అవమానించినవాళ్ల తప్పు ఎంతైనా, వెళ్లాలన్న నిర్ణయం చివరికి లెంటుదే. హెమింగ్వే దాన్ని దాచలేదు, తీర్పూ చెప్పలేదు. ఆయనలో మాకు కనిపించే లోపం మరొకటి: ఆ జర్మన్లలో ఒక్కడికీ ముఖం లేదు. పిరికివాడివన్నవాడు బతికాడో లేదో తెలియదు. చచ్చిపోయిన తొమ్మిదిమంది లెంటు బడి పాడయిందని చెప్పడానికి మాత్రమే వచ్చి పోయినట్లుంటారు. బడిలో మిగిలిన ఒకరిద్దరు శిష్యులలో తామున్నామనీ, మంచుచరియల శాస్త్రాన్ని తాము శ్రద్ధగా నేర్చుకొన్నామనీ ఆయన రాసిన 'వుయ్' భార్యాభర్తలది. ఈ 'మేము' కొంచెం చల్లగా ఉంటుంది.

మా పాఠకులలో చాలామంది తెలుగుతో పాటు మరో భాషను వీధిలో మాట్లాడేవారు కనుక ఇంకొక్క మాట. తమిళంలో 'నాంగళ్', 'నామ్' అని ఈ తేడా ఉంది. మరాఠీలో 'ఆమ్హీ', 'ఆపణ్' ఉన్నాయి. నేటి కన్నడంలో రెంటికీ 'నావు' ఒక్కటే. కన్నడ మాధ్యమంలో చదివి వచ్చిన మా విద్యార్థులు కొందరు ఇంట్లో తప్పులేకుండా "మనం అన్నం తిందాం" అంటారు. కాగితం మీద మాత్రం అంతటా 'మేము' రాసేస్తారు. ఇది అజ్ఞానం కాదు. మాట్లాడేటప్పుడు చెవి కాపలా ఉంటుంది, రాసేటప్పుడు బడిభాష ముందుకొస్తుంది. వాళ్లకు మా సలహా ఒక్కటే: వాక్యం పక్కన వింటున్నవాడి పేరు పెన్సిలుతో రాసుకోండి. ఇక ఒక్కరమే కూర్చొని 'మేము' అని రాసే మాలాంటి ఆచార్యుల సంగతి ఏ వ్యాకరణానికీ అందదు, దాన్ని వదిలేయండి.

మాటల ఇబ్బందులు మరి రెండు. మనకు 'మంచు' ఒక్కటే: తెల్లవారి గడ్డి మీదిదీ, గాలిలో కమ్మేదీ, హిమాలయం మీదిదీ. డాయిల్ అగాధం దగ్గర నేల మీది మంచూ, లేచే ఆవిరీ ఒకే వాక్యంలో వస్తాయి. రెండోదాన్ని 'ఆవిరి' అనకపోతే పాఠకుడు తడబడతాడు. పత్రికలు మంచు కురిసినా, చరియ విరిగినా 'హిమపాతం' అనే రాస్తున్నాయి. హెమింగ్వే ఘట్టంలో అలా రాస్తే తొమ్మిదిమంది మంచు కురిసి చనిపోయినట్లవుతుంది. 'కొండచరియ' ఒరవడిలో 'మంచుచరియ' అనడం మేలు. 'గైడు'కు తమిళుల 'వళికాట్టి', మరాఠీ కొండదారుల 'వాటాడ్యా' వంటి నిక్కమైన మాట మనకు వాడుకలో నిలవలేదు. 'మార్గదర్శి' అంటే చీటీల కంపెనీ గుర్తుకొస్తుంది, 'గైడు' అంటే పరీక్షల ముందు కొనే పుస్తకం. అయినా 'గైడు'నే ఉంచాము. అపార్థం వచ్చినా నవ్వుతో పోతుంది.

అరోసాలో హోటలు పుస్తకం నింపేటప్పుడు డాయిల్ పేరు పక్కన వృత్తి గడిలో టోబియాస్ బ్రాంగర్ తన చేత్తో 'స్పోర్టెస్‌మాన్' అని రాశాడట. అక్షరం ఒకటి ఎక్కువైన ఆ మాట డాయిల్‌కు గుర్తుండిపోయింది. తరగతిలో సగంమంది 'క్రీడాకారుడు' అని అనువదించారు, ఇద్దరు 'స్పోర్ట్స్‌మన్' అని దిద్దారు. బరంపురం అమ్మాయి ఒక్కతే ఉన్నది ఉన్నట్లు తెలుగు లిపిలోకి దించి, "ఆయన రాసిన మాట గదా సార్" అంది. ఆ కాగితానికే ఎక్కువ మార్కులు వేశాము.