ఐదు శ్రుతి పాట మూడు శ్రుతికి దిగితే

అమెరికాలో ఉండే మేనల్లుడు అక్కడి పాతసామాన్ల దుకాణంలో ముచ్చటపడి కొన్న స్పూల్ రికార్డరును నిజామాబాద్ కంఠేశ్వర్ దాకా మోసుకొచ్చాడనుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 వోల్టులిచ్చాం. చక్రాలు తిరిగాయి, పాటా వచ్చింది. కానీ ఐదు శ్రుతిలో పాడిన అమ్మాయి గొంతు మూడు శ్రుతిలో, నిద్రమత్తులో పాడినట్టు వినబడుతోంది. మెషిన్ చెడిపోలేదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. పాతవాటిలో చాలా మోటార్లు ఆ లెక్క మీదే తిరుగుతాయి. ఆరడుగులు నడవాల్సిన టేపు ఐదడుగులే నడుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ ఈ లెక్కను మార్చలేదు.

అందుకే స్టూడియోకి పాత మెషిన్ కొనేవాళ్లు కంపెనీ పేరు కంటే ముందు మోటారు సంగతి అడగాలి. స్విట్జర్లాండ్‌లో విల్లీ స్టూడర్ సంస్థ 1967లో తెచ్చిన రెవాక్స్ ఏ77లోనూ, ఆ తర్వాతి బి77లోనూ టేపును లాగే కాప్‌స్టన్ వేగం ఎలక్ట్రానిక్ సర్క్యూట్ అదుపులో ఉంటుంది. ఏ దేశపు కరెంటయినా శ్రుతి తప్పదు. అదే ఇంటి నుంచి 1970లో వచ్చిన స్టూడర్ ఏ80 మహారాజు లాంటిది, కాదనను. అయితే మహారాజును పోషించడానికి కొలువంతా కావాలి. నిజామాబాద్‌లాంటి ఊళ్లో చిన్న గదికి సెకనుకు 7.5, 15 అంగుళాలు నడిచే బి77 చాలని నా మాట. పదిన్నర అంగుళాల స్పూల్‌లో 2,500 అడుగుల టేపు పడుతుంది. 15 వేగంలో అది 33 నిమిషాలు, 7.5లో 66.

మోటారు తర్వాత చూడాల్సింది టేపును చదివే హెడ్డు. టేపు ఏళ్ల తరబడి రాసుకుపోయిన చోట గాడి పడుతుంది. గోటిని అంచు మీదుగా మెల్లగా జరపండి. మెట్టుకు తగిలినట్టు ఆగితే హెడ్డు అరిగిపోయిందన్నమాట. నేర్పరి దాన్ని సానబట్టి మళ్లీ చదును చేయగలడు, అదీ ఒకటి రెండు సార్లే. కొత్త హెడ్డు ధర వింటే మెషినే చవకనిపించవచ్చు. ఇంకో జాగ్రత్త: దశాబ్దాలు పడుకున్న మెషిన్‌ని తెచ్చిన రోజే ప్లగ్గులో పెట్టవద్దు. ఈ రెవాక్స్‌లలో మెయిన్స్ దగ్గరుండే పాత కెపాసిటర్లు పగిలి గది నిండా పొగ కమ్ముతుంది. ముందు వాటిని మార్పించాలి. వోల్టేజీ ఎగిరిపడే మన వీధుల్లో ఇది మరీ అవసరం.

ఇక రోజువారీ పని. రికార్డింగుకు ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో హెడ్లు, గైడ్లు, కాప్‌స్టన్ తుడవాలి. టేపును కాప్‌స్టన్‌కు అదిమే పించ్ రోలర్ రబ్బరుకు మాత్రం సబ్బునీళ్లు మేలు, కొన్ని రబ్బర్లను ఆల్కహాల్ ఎండగొట్టేస్తుంది. మధ్యమధ్య హెడ్లకు పట్టిన అయస్కాంతాన్ని డీమాగ్నెటైజరుతో తీయాలి. మెషిన్ ఆపి, టేపులు దూరంగా పెట్టి, పరికరాన్ని చేతి దూరంలో ఆన్ చేసి, నెమ్మదిగా దగ్గరికి తెచ్చి, అంతే నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాకే స్విచ్ ఆపాలి. హెడ్డు దగ్గరే ఆపితే తీయబోయిన అయస్కాంతాన్ని మనమే అంటించినట్టు.

అజిమత్ సరిచేయడం ఈ విద్యలో నాకిష్టమైన ఘట్టం. టేపుకు హెడ్డు సరిగ్గా నిటారుగా నిలవాలి. పరీక్ష టేపులోని 10 కిలోహెర్ట్జ్ మోత వింటూ చిన్న మరను వెంట్రుకవాసి తిప్పుతారు. తంబురా తీగ కింద జీవాళి దారం తన చోటుకు చేరగానే నాదం విచ్చుకున్నట్టు, ఉన్నట్టుండి శబ్దానికి పైఅంచు వస్తుంది. ముందు ప్లేబ్యాక్, ఆ తర్వాతే రికార్డింగ్ హెడ్డు. ఈ వరస తారుమారైతే తప్పును తప్పుతోనే కొలుస్తున్నట్టు.

మెషిన్ కంటే సున్నితమైనది టేపు. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లి చేతికంటుకోవడం బోధన్ చెరకు పల్లెల్లో ఎవరూ చెప్పనక్కర్లేదు. 1970, 80ల నాటి కొన్ని టేపులకూ, ముఖ్యంగా యాంపెక్స్ 456కు, అదే జబ్బు. టేపు మీది అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమను పీల్చి బంకగా మారుతుంది, టేపు హెడ్డును పట్టుకుని కీచుమంటుంది. సుమారు 54 డిగ్రీల నిలకడైన వేడిలో గంటల తరబడి ఆరబెడితే కొన్ని వారాలు కోలుకుంటుంది. ఆలోపే కాపీ తీసుకోవాలి. అసిటేట్ టేపుకు ఈ వైద్యం చేయకూడదు, వేడికి అది పాడవుతుంది.

ఇంత చాకిరీ ఎందుకంటారా? డప్పు దెబ్బ అదాటున పడితే డిజిటల్ రికార్డింగ్ పగులుతుంది, టేపు దాన్ని గుండ్రంగా మలుస్తుంది. నిజమే గానీ, కొత్త పాటకు టేపు వాడటం నా లెక్కలో విలాసమే. పాత గొంతులకు మాత్రం ఇది అవసరం. హైదరాబాద్‌లోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు రేడియో పని నడిచింది ఈ పావంగుళం టేపు మీదే. బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించేవాళ్లు, అతుకు ఒక్కసారిగా కాక జారుగా దాటితే చెవికి టక్కుమనదు. టేపు ఖరీదైనది కనుక చెరిపి మళ్లీ వాడేవాళ్లు. చెరగకుండా మిగిలినవి చదవాలంటే బాగున్న హెడ్డొకటి ఎక్కడో తిరుగుతూ ఉండాలి.

మీ అటక మీద స్పూల్ ఉంటే దొరికిన మెషిన్‌లో పెట్టి ఆడించకండి. ముందు వాసన చూడండి, పుల్లటి వెనిగర్ వాసనొస్తే ఆలస్యం చేయవద్దు. తర్వాత చుట్టను పక్కనుంచి వెలుతురుకు పట్టండి. వెలుతురు దాటితే అది అసిటేట్. ఆ సంగతి అట్టపెట్టె మీద రాసి, చల్లని పొడిచోట నిలువుగా నిలబెట్టి, అప్పుడు మెషిన్ ఉన్నవాళ్లను పిలవండి.